తిప్పతీగ పాలీశాకరైడ్లు: ఆ గ్లూకోజ్ ఎవరిది?

జూన్ మొదట్లో

తిప్పతీగ కాండంలో నీటికి కరిగే పాలీశాకరైడ్ల (చక్కెర అణువులు కలిసిన పెద్ద గొలుసుల) నిర్మాణం తేల్చడం ఈ ప్రాజెక్టు పని. చివరికి చేతికి రావాల్సింది ఒక బొమ్మ. ఏ చక్కెర, ఏ కార్బన్ దగ్గర, ఆల్ఫాగానా బీటాగానా (బంధం ఎటు తిరిగి ఉందో చెప్పే రెండు రకాలు), దేనికి అతుక్కుని ఉంది అని అందులో కనిపించాలి. డీఎన్‌ఏకైతే వరుస చదివే యంత్రాలున్నాయి. పాలీశాకరైడ్‌కి అలాంటిదేమీ లేదు. ఆరు పరమాణువుల వలయంగా ఉన్న రెండు గ్లూకోజ్‌లను జత చేయడానికే 11 రకాల దారులున్నాయి. వాటిలో ఒకటి మాల్టోజ్, ఇంకొకటి సెల్లోబయోజ్, మరొకటి ట్రెహలోజ్. రెండిటికే ఇంత ఉంటే, అయిదారు రకాల చక్కెరలు వందల్లో కొమ్మలేసుకుని కూర్చున్న అణువు సంగతి చెప్పక్కర్లేదు.

ఈ మొక్క మీద ముందే పని జరిగింది. రోగనిరోధక కణాలను ఉత్తేజపరిచే అరబినోగలాక్టాన్ (అరబినోజ్, గలాక్టోజ్ అనే చక్కెరల పాలీశాకరైడ్) ఇందులో ఉందని 1999లో ఒక ప్రచురణ వచ్చింది. 2004లో (1→4) ఆల్ఫా గ్లూకాన్ (ఒక గ్లూకోజ్ మొదటి కార్బన్ తర్వాతి దాని నాలుగో కార్బన్‌కి కలిసిన గొలుసు) గురించి ఇంకొకటి వచ్చింది. రెండూ చదివాక నాకు మిగిలిన ప్రశ్న గ్లూకోజ్ గురించే. తిప్పతీగ కాండం నిండా పిండి పదార్థం. వైద్యులు వాడే తిప్పసత్తు అంటే చాలావరకు ఆ స్టార్చే. అలాంటి కాండం నుంచి ఏది తీసినా దానికి గ్లూకోజ్ అంటుకుని వస్తుంది. అది అసలు అణువులో భాగమా, పక్కన ఊరికే ఉన్న స్టార్చా అన్నది తేల్చకుండా నిర్మాణం అనే మాట ఎత్తకూడదని నా పట్టుదల.

మొక్క గుర్తింపు ముందే పూర్తిచేశాం. మనకు కావలసింది టినోస్పోరా కార్డిఫోలియా. దీని దగ్గరి చుట్టం టినోస్పోరా క్రిస్పా. దాని కాండం మీద బుడిపెలు దట్టంగా ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు తేడా తెలుస్తుంది కానీ, ఎండబెట్టి పొడి కొట్టాక కళ్లతో చెప్పలేం. అందుకే పొడి కొనకుండా తీగ తీసుకుని, హెర్బేరియం షీటు చేయించి, ఆ తర్వాతే కోశాం.

జూన్ చివర

పొడిని ముందుగా 80 శాతం ఇథనాల్‌లో రిఫ్లక్స్ చేశాం, అంటే ఆవిరి చల్లారి మళ్లీ వెనక్కి పడేలా మరిగించాం. పసుపుగా దిగేది ఆల్కలాయిడ్లు, చేదు పదార్థాలు, చిన్న చక్కెరలు. మొక్కలో సొంతంగా ఉన్న ఎంజైములు కూడా ఈ వేడికి, ఆల్కహాల్‌కి చచ్చిపోతాయి. ఈ మెట్టు వదిలేసి నేరుగా నీళ్లలో వేస్తే ఆ ఎంజైములే మన పాలీశాకరైడ్‌ని కొరకడం మొదలుపెడతాయి.

తర్వాత ముందు చల్లటి నీళ్లు, ఆ మిగిలిన పిప్పికి వేడి నీళ్లు. స్టార్చ్ రేణువులు సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఉబ్బి జిగురుగా మారతాయి కాబట్టి చల్లటి నీటి భాగంలో స్టార్చ్ తక్కువ వస్తుంది. దిగుబడి కూడా తక్కువే. వేడినీటి భాగం చిక్కగా, వడగట్టడానికి మొండికేసేలా వచ్చింది. ఫిల్టర్ పేపర్‌తో కుస్తీ పట్టకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేటను తీసుకున్నాం. దానికి నాలుగింతల ఇథనాల్ పోసి చల్లగా రాత్రంతా ఉంచితే తెల్లటి పీచులాంటి అవక్షేపం దిగింది.

ఇక్కడో పక్క మాట. పాలీశాకరైడ్ ల్యాబ్‌లో ఎటు చూసినా గ్లూకోజే. ఫిల్టర్ పేపర్ సెల్యులోజ్, డయాలిసిస్ గొట్టం (చిన్న అణువులను బయటికి వదిలి పెద్దవాటిని ఆపేది) సెల్యులోజ్, సెఫాడెక్స్ కాలమ్ డెక్స్‌ట్రాన్. ఈ మూడూ గ్లూకోజ్ గొలుసులే. కొత్త కాలమ్ నుంచి రాలే కాస్త డెక్స్‌ట్రాన్ చాలు, మైక్రోగ్రాముల లెక్కలో నడిచే విశ్లేషణను పాడు చేయడానికి. అందుకే ప్రతి మెట్టులో శాంపిల్ లేకుండా ఉత్త నీళ్లతో నడిపిన బ్లాంక్ ఒకటి పక్కన పెట్టుకుంటున్నాను. జూనియర్లకు ఇది చాదస్తంలా కనిపిస్తోంది.

జులై

నెలంతా స్టార్చ్ మీదే పోయింది.

అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం. 95 డిగ్రీల దగ్గర వేడికి నిలిచే ఆల్ఫా అమిలేస్ వేశాక నీలం పోయింది. చాలామంది ఇక్కడే ఆగి “స్టార్చ్ తీసేశాం” అని రాసేస్తారు. అయోడిన్ రంగు రావాలంటే గ్లూకోజ్ గొలుసు కొంత పొడుగుండాలి. అమిలేస్ చేసేది గొలుసును ముక్కలు చేయడమే. పది, పన్నెండు గ్లూకోజ్‌ల లోపు ముక్కలు అయోడిన్‌కి రంగు ఇవ్వవు, అయినా అవి అక్కడే ఉంటాయి. కొమ్మలున్న పెద్ద ముక్కలైతే ఇథనాల్ పోస్తే అరబినోగలాక్టాన్‌తో పాటే దిగుతాయి కూడా. అందుకని పీహెచ్ 4.5కి దించి అమిలోగ్లూకోసైడేస్ కూడా వేయాలి. అది కొసల నుంచి ఒక్కొక్క గ్లూకోజ్‌ను విడదీస్తుంది. విడి గ్లూకోజ్ ఇథనాల్‌లో అవక్షేపం కాదు, డయాలిసిస్‌లో నిలవదు.

“అయోడిన్‌కి రంగు రాలేదు సరే, స్టార్చ్ లేదని ఎలా చెప్తావు?” అని మేడమ్ అడిగిన ప్రశ్నను నోటుబుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను.

ఎంజైముల నాణ్యత గురించి కూడా ఒక మాట. మార్కెట్లో దొరికే అమిలేస్‌లలో కొన్నిటిలో గలాక్టోజ్, అరబినోజ్ బంధాలను కోసే ఇతర ఎంజైములు అంతో ఇంతో ఉంటాయి. స్టార్చ్ తీయబోయి అరబినోజ్ కొమ్మలు పోగొట్టుకుంటాం. స్వచ్ఛమైన అరబినోగలాక్టాన్ (లార్చ్ చెట్టుది) తీసుకుని అదే ఎంజైములో, అంతే సమయం ఉంచి, విడి అరబినోజ్ వస్తోందా అని చూశాం. రాలేదు. అప్పుడే అసలు శాంపిల్‌లో వేశాం.

జులై చివర

ప్రొటీన్ తీయడానికి సేవాగ్ పద్ధతి: క్లోరోఫామ్, ఎన్-బ్యూటనాల్ 4:1లో కలిపి గట్టిగా కుదిపితే ప్రొటీన్ రెండు పొరల మధ్య తెల్లటి చర్మంలా చేరుతుంది. ఆ పొర రావడం ఆగిపోయేదాకా చేశాం. అయినా 280 నానోమీటర్ల దగ్గర కొంచెం శోషణ మిగిలింది. ఇంకా కుదపమని ఒక సలహా వచ్చింది, నేను ఒప్పుకోలేదు. మొక్కల్లో టైప్-2 అరబినోగలాక్టాన్లు (గలాక్టోజ్‌లు (1→3) గొలుసుగా, ఆరో చోట కొమ్మలతో ఉండే రకం) చాలావరకు హైడ్రాక్సీప్రోలీన్ ఎక్కువగా ఉన్న ప్రొటీన్‌కి సమయోజనీయంగా అతుక్కుని ఉంటాయి. ఆ ప్రొటీన్ అణువులో భాగమే, మలినం కాదు. కుదిపిన కొద్దీ పోయేది దిగుబడి మాత్రమే.

ఆగస్టు

డీఈఏఈ సెల్యులోజ్ కాలమ్, రుణావేశం ఉన్న అణువులను పట్టి ఉంచేది. ముందు నీళ్లు, తర్వాత 0 నుంచి 0.5 మోలార్ దాకా పెరిగే సోడియం క్లోరైడ్. గొట్టం గొట్టానికీ ఫీనాల్-సల్ఫ్యూరిక్ పరీక్ష, 490 నానోమీటర్ల దగ్గర రీడింగు. 1956లో వచ్చిన ఈ పరీక్షను ఇప్పటికీ రోజూ వాడుతున్నాం, చవక, నమ్మకం. ఒక జాగ్రత్త ఉంది: చక్కెరను బట్టి రంగు గాఢత మారుతుంది. గ్లూకోజ్‌తో గీసిన ప్రామాణిక రేఖ మీద గలాక్టోజ్, అరబినోజ్ మిశ్రమాన్ని కొలిస్తే వచ్చేది అంచనా మాత్రమే. యూరోనిక్ ఆమ్లాలకు (ఆమ్ల గుణం ఉన్న చక్కెరలకు) మెటా-హైడ్రాక్సీడైఫినైల్‌తో విడిగా కొలిచాం.

నీళ్లతో పెద్ద తటస్థ భాగం వచ్చింది, ఉప్పుతో ఆమ్ల గుణం ఉన్న భాగం వచ్చింది. మనకు కావలసింది రెండోది. దాన్ని సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీద నడిపితే ఒకే పీక్, చక్కగా సమంగా. చూసిన వాళ్లంతా “ఒకటే పదార్థం, అయిపోయింది” అన్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. ఆ కాలమ్ అణువు నీటిలో ఎంత చోటు ఆక్రమిస్తుందో చూపిస్తుంది, అంతే. ఒకే పరిమాణం ఉన్న రెండు వేర్వేరు పాలీశాకరైడ్లు ఒకేచోట దిగితే ఒకటే పీక్ వస్తుంది. తేల్చడానికి సులువైన పని ఒకటుంది: పీక్ ముందు సగం, వెనక సగం విడివిడిగా పట్టి, రెండిటినీ జలవిశ్లేషణ చేసి చక్కెరల నిష్పత్తి చూడటం. అణువు ఒకటే అయితే రెండు సగాల్లోనూ నిష్పత్తి దాదాపు ఒకటే ఉండాలి.

అణుభారం సంఖ్య ఇంకా రాయడం లేదు. మా ప్రామాణికాలు డెక్స్‌ట్రాన్లు. వాటి గొలుసు వదులుగా పరుచుకుంటుంది. దట్టంగా కొమ్మలున్న అరబినోగలాక్టాన్ ముడుచుకుని ఉంటుంది. డెక్స్‌ట్రాన్ రేఖ మీద చదివితే దాని బరువు అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. కాంతి పరిక్షేపణ డిటెక్టర్ మీద చేయించాకే సంఖ్య.

ఆగస్టు చివర

2 మోలార్ ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం, 120 డిగ్రీలు, రెండు గంటలు. తర్వాత చక్కెరలకు పీఎంపీ తగిలించి హెచ్‌పీఎల్‌సీలో చూశాం. చక్కెరలకు తమంతట తాము అతినీలలోహిత కాంతిలో కనిపించే గుణం లేదు, పీఎంపీ ఆ తోక తగిలిస్తుంది. గలాక్టోజ్, అరబినోజ్ పెద్ద పీక్‌లు. రామ్నోజ్, గ్లూకురోనిక్ ఆమ్లం చిన్నవి. ఇంతవరకు పుస్తకంలో ఉండే టైప్-2 అరబినోగలాక్టాన్ లాగే ఉంది.

వీటితో పాటు గ్లూకోజ్. కొంచెమేమీ కాదు, పట్టించుకోకుండా ఉండలేనంత. పీక్ ముందు సగంలో గ్లూకోజ్ వాటా వెనక సగంలోకంటే స్పష్టంగా ఎక్కువ. అంటే రెండు పదార్థాలున్నాయి. రెండు ఎంజైములు వేసి, తటస్థ పదార్థాలను నీళ్లతోనే వదిలించే కాలమ్ దాటించాక కూడా ఇది ఎలా నిలిచింది? స్టార్చ్‌లోని అమైలోపెక్టిన్‌కి అక్కడక్కడ ఫాస్ఫేట్ సమూహాలుంటాయి, ఆ రుణావేశంతో డీఈఏఈకి పట్టుకుని ఉండొచ్చు. లేదా అది స్టార్చే కాకపోవచ్చు. కణకవచంలోని జైలోగ్లూకాన్‌లోనూ (గ్లూకోజ్ గొలుసుకి జైలోజ్ అనే చక్కెర అంటుకున్నది) గ్లూకోజ్ ఉంటుంది. దాని జోలికి అమిలేస్ పోదు.

సెప్టెంబరు

మిథైలేషన్. ఈ ప్రాజెక్టులో నాకు బాగా ఇష్టమైన మెట్టు ఇదే. టెన్షన్ పెట్టేదీ ఇదే.

సంగతి సులువే. ఖాళీగా ఉన్న ప్రతి హైడ్రాక్సిల్‌కీ మిథైల్ తగిలించాలి. తర్వాత గొలుసును ఆమ్లంతో విడగొడితే, బంధంలో ఉన్న చోట్లు కొత్తగా ఖాళీ అవుతాయి. చక్కెరను క్షయకరణం చేసి ఆ ఖాళీలకు ఎసిటైల్ తగిలించి జీసీ-ఎంఎస్‌లో (ఆవిరిగా వేరుచేసి ముక్కల బరువు కొలిచే యంత్రంలో) వేస్తే, ఎసిటైల్ ఎక్కడుందో బంధం అక్కడ ఉండేదని అర్థం. వలయం మూసుకున్న చోటు కూడా ఇందులోనే లెక్క. 1964 నాటి హకోమోరి పద్ధతికి బదులు సోడియం హైడ్రాక్సైడ్, డీఎంఎస్‌ఓ, మిథైల్ అయొడైడ్ వాడే 1984 నాటి పద్ధతే తీసుకున్నాం. శాంపిల్ పూర్తిగా పొడిగా ఉండాలి, డీఎంఎస్‌ఓలో పూర్తిగా కరగాలి. కొంచెం నీళ్లున్నా మిథైల్ అయొడైడ్ దానితోనే సరిపెట్టుకుంటుంది.

గ్లూకురోనిక్ ఆమ్లం ఈ దారిలో మామూలుగా కనిపించకుండా పోతుంది. కార్బోడైఇమైడ్‌తో చైతన్యపరచి సోడియం బోరోడ్యూటరైడ్‌తో క్షయకరణం చేస్తే అది గ్లూకోజ్‌గా మారుతుంది, ఆరో కార్బన్ మీద రెండు డ్యూటీరియంలతో. మాస్ రెండు యూనిట్లు పెరిగిన గ్లూకోజ్ కనిపిస్తే అది పుట్టుకతో గ్లూకోజ్ కాదు. గ్లూకోజ్ చుట్టూ ఇంత అనుమానం ఉన్న శాంపిల్‌లో ఈ గుర్తు లేకపోతే పని జరిగేది కాదు.

చివరి క్షయకరణంలోనూ డ్యూటరైడే వాడాలి. చక్కెర ఆల్కహాల్‌గా మారాక దాని రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. మొదటి కార్బన్ మీద డ్యూటీరియం లేకపోతే, రెండో చోట కలిసిన జైలోజ్, నాలుగో చోట కలిసిన జైలోజ్ మాస్ స్పెక్ట్రమ్‌లో కవల పిల్లలే. డ్యూటీరియం ఉంటే రెండో కార్బన్ మీద మిథైల్ ఉన్నవి ఎం/జెడ్ (ముక్క బరువుని దాని ఆవేశంతో భాగించిన సంఖ్య) 118 ముక్క ఇస్తాయి, ఎటు మొదలో తెలుస్తుంది.

వచ్చినవి (బ్రాకెట్లలో ముక్కల ఎం/జెడ్): కొసన ఉన్న అరబినోఫ్యూరనోజ్, అంటే అయిదు పరమాణువుల వలయంగా ఉన్న అరబినోజ్ (118, 129, 161), అయిదో చోట కలిసిన అరబినోజ్, మూడో చోట కలిసిన గలాక్టోజ్ (118, 161, 234), ఆరో చోట కలిసినది, మూడు-ఆరు రెండు చోట్లా కలిసిన గలాక్టోజ్ (118, 189, 234). ఈ మూడు-ఆరు గలాక్టోజే టైప్-2 అరబినోగలాక్టాన్ ముద్ర. 149 దగ్గర తరచూ కనిపించిన పీక్ ప్లాస్టిక్ నుంచి దిగిన థాలేట్, దానికి కథ అల్లక్కర్లేదు.

తర్వాత లెక్క సరిచూడాలి. చాలా పేపర్లలో ఇది కనిపించదు, నాకైతే ఇది లేని మిథైలేషన్ పట్టిక మీద నమ్మకం లేదు. చెట్టుకి కొమ్మ చీలిన ప్రతిచోటా ఒక కొస అదనంగా వస్తుంది. అలాగే పాలీశాకరైడ్‌లోనూ కొసన ఉన్న చక్కెరల మోల్స్, చీలిక దగ్గరున్న చక్కెరల మోల్స్ దాదాపు సమానం కావాలి. చీలికలు ఎక్కువగా, కొసలు తక్కువగా కనిపిస్తే రెండు కారణాలుండొచ్చు. మిథైలేషన్ సగంలో ఆగి, ఉత్త హైడ్రాక్సిల్‌ని మనం బంధమనుకుని ఉండొచ్చు. లేదా కొసన ఉన్న అరబినోజ్ ఉత్పన్నం నత్రజని కింద ఆరబెట్టేటప్పుడు ఎగిరిపోయి ఉండొచ్చు, అది త్వరగా ఆవిరయ్యే రకం. మొదట మాకు కొసలు తక్కువే వచ్చాయి. పరారుణ స్పెక్ట్రమ్‌లో 3400 దగ్గర హైడ్రాక్సిల్ పట్టీ దాదాపు లేదు, కాబట్టి మిథైలేషన్ బాగానే ఉంది. ద్రావకాన్ని పూర్తిగా ఎండగొట్టకుండా కాస్త మిగలనిచ్చి ఆపితే కొసల అరబినోజ్ పెరిగి లెక్క దగ్గరపడింది.

ఇక గ్లూకోజ్. నాలుగో చోట కలిసినది (118, 233) ఎక్కువ, నాలుగు-ఆరు చోట్ల కలిసినది కొంచెం. డ్యూటీరియం గుర్తు లేదు, అంటే గ్లూకురోనిక్ నుంచి వచ్చింది కాదు. కానీ స్టార్చ్ ఇచ్చేదీ ఈ రెండు రకాలే, జైలోగ్లూకాన్ ఇచ్చేదీ ఈ రెండే. ఆల్ఫా, బీటా తేడా మిథైలేషన్‌కి తెలియదు. జైలోగ్లూకాన్ అయితే కొసన జైలోజ్ ఉండాలి. మా క్రోమటోగ్రామ్‌లో అది లేదు. స్టార్చ్ వైపు మొగ్గు, ఇంకా రుజువు కాదు.

అక్టోబరు

ఎన్‌ఎంఆర్, అంటే అయస్కాంత క్షేత్రంలో ఒక్కో ప్రోటాన్, కార్బన్ ఎక్కడ సిగ్నల్ ఇస్తుందో చూసే పద్ధతి. శాంపిల్‌ని భారజలంలో కరిగించి, ఫ్రీజ్ డ్రయ్యర్‌లో ఆరబెట్టి, మళ్లీ కరిగించి, అలా కొన్నిసార్లు చేశాకే గొట్టంలోకి. గది ఉష్ణోగ్రతలో మిగిలిన నీటి పీక్ 4.8 పీపీఎం (సిగ్నల్ స్థానాన్ని చెప్పే కొలత) దాపున కూర్చుని బీటా చక్కెరల మొదటి ప్రోటాన్లలో కొన్నిటిని మింగేస్తుంది. వేడి పెంచితే అది డిగ్రీకి సుమారు 0.01 చొప్పున కుడివైపు జరుగుతుంది. ఎంత జరిపితే మనకు కావలసింది బయటపడుతుందో చూసుకోవాలి. మరీ ఎక్కువ జరిపితే 4.5 దగ్గరి గలాక్టోజ్ సిగ్నళ్ల మీదికే వెళ్లి కూర్చుంటుంది. అందుకే రెండు ఉష్ణోగ్రతల్లో తీసుకున్నాం.

హెచ్‌ఎస్‌క్యూసీలో (ప్రోటాన్‌ని అది ఉన్న కార్బన్‌తో జతచేసి చూపే ఎన్‌ఎంఆర్ పటం) ప్రోటాన్ 5.2, కార్బన్ 109 పీపీఎం దగ్గర మచ్చలు: ఆల్ఫా అరబినోఫ్యూరనోజ్. మిథైలేషన్ చెప్పలేని విషయం ఒకటి ఇక్కడ తేలింది. అయిదో చోట కలిసిన ఫ్యూరనోజ్ అరబినోజ్, నాలుగో చోట కలిసిన పైరనోజ్ (ఆరు పరమాణువుల వలయం) అరబినోజ్ ఒకే ఉత్పన్నాన్ని ఇస్తాయి. 108-110 మధ్య కార్బన్ వస్తే అది ఫ్యూరనోజే. 4.5, 104 దగ్గర బీటా గలాక్టోజ్. గలాక్టోజ్ ఆరో కార్బన్ ఖాళీగా ఉంటే 62 దగ్గర, బంధంలో ఉంటే 70 దగ్గర కనిపిస్తుంది. రెండూ ఉన్నాయి. 1.25, 17.5 దగ్గర రామ్నోజ్ మిథైల్.

5.38, 100.5 దగ్గర ఇంకో మచ్చ ఉంది. దాని జతగా 78 దగ్గర నాలుగో కార్బన్. ఇది (1→4) ఆల్ఫా గ్లూకోజ్. స్టార్చ్ కుటుంబమే. జైలోగ్లూకాన్ అనే మాట కొట్టేశాను.

హెచ్‌ఎంబీసీలో (రెండు మూడు బంధాల దూరంలోని కార్బన్‌ని చూపే పటం) అరబినోజ్ మొదటి ప్రోటాన్ నుంచి గలాక్టోజ్ కార్బన్‌కి బంధం కనిపించింది. గ్లూకోజ్ మొదటి ప్రోటాన్ నుంచి గలాక్టోజ్‌కి గానీ, అరబినోజ్‌కి గానీ ఏ మచ్చా లేదు. లేకపోవడం రుజువు కాదనుకోండి. హెచ్‌ఎంబీసీలో బలహీనమైన సంబంధాలు కనిపించకుండా పోవడం మామూలే.

నవంబరు

గ్లూకోజ్ పని పట్టడానికి రెండు పనులు చేశాం. ముందుగా శాంపిల్‌ని 90 శాతం డీఎంఎస్‌ఓలో వేడి చేసి, ఆ తర్వాత మళ్లీ రెండు ఎంజైములూ. ఒకసారి ఉడికి చల్లారిన స్టార్చ్ గొలుసులు మళ్లీ దగ్గరకు చేరి స్ఫటికాల్లా గట్టిపడతాయి, అమిలేస్‌కి అందవు. డీఎంఎస్‌ఓ ఆ కట్టు విప్పుతుంది. గ్లూకోజ్ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

రెండోది యారివ్ కారకం. ముదురు ఎరుపు రంగు పదార్థం. దీనిలో బీటా గ్లూకోసైల్ రకం, అరబినోగలాక్టాన్ ప్రొటీన్లను పట్టుకుని ఎర్రటి అవక్షేపంగా దింపుతుంది. ఇది పట్టుకునేది (1→3) బీటా గలాక్టోజ్ వెన్నెముకను అని 2013లో తేలింది. ఆ గొలుసు అయిదు గలాక్టోజ్‌ల కంటే పొడుగుండాలి. స్టార్చ్‌ని ఇది ముట్టుకోదు. పక్కన పోలికకు ఆల్ఫా గ్లూకోసైల్ రకం పెట్టాం, అందులో ఏమీ దిగలేదు. అవక్షేపాన్ని కడిగి, సోడియం డైథయోనైట్‌తో వెచ్చబెడితే ఎరుపు విరిగి లేత పసుపుకి దిగింది. డయాలిసిస్, ఫ్రీజ్ డ్రయ్యర్, మళ్లీ చక్కెరల విశ్లేషణ.

అవక్షేపంలో గలాక్టోజ్, అరబినోజ్, రామ్నోజ్, గ్లూకురోనిక్ ఆమ్లం. గ్లూకోజ్ బ్లాంక్‌తో సమానం. పైన మిగిలిన తేటలో గ్లూకోజ్. ఎన్‌ఎంఆర్‌లో 5.38 మచ్చ మాయం. పీక్ ముందు సగం, వెనక సగం పరీక్ష మళ్లీ చేస్తే నిష్పత్తులు కలిశాయి.

కాబట్టి ఆ గ్లూకోజ్ అరబినోగలాక్టాన్‌ది కాదు, స్టార్చ్‌ది. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇంత పని.

డిసెంబరు

శుభ్రపడిన భాగం మీద స్మిత్ విచ్ఛేదనం మొదలైంది. పక్కపక్క కార్బన్ల మీద హైడ్రాక్సిల్స్ ఖాళీగా ఉంటే పెరయొడేట్ వాటి మధ్య కోస్తుంది. కొసల అరబినోజ్, ఆరో చోట కలిసిన గలాక్టోజ్ తెగిపోతాయి. మూడో చోట, మూడు-ఆరు చోట్ల కలిసిన గలాక్టోజ్‌కి ఆ అవకాశం లేదు, నిలుస్తుంది. చీకట్లో, చల్లగా ఉంచాం. మిగిలినదాని మిథైలేషన్‌లో మూడో చోట కలిసిన గలాక్టోజ్ పెరిగి, మూడు-ఆరుది తగ్గింది. వెన్నెముక (1→3), కొమ్మలు ఆరో చోట నుంచి అన్న బొమ్మకి ఇది సరిపోతోంది.

పక్క ల్యాబ్ వాళ్లు రోగనిరోధక కణాల మీద పరీక్షకు శాంపిల్ అడుగుతున్నారు. ఎండోటాక్సిన్ కొలవకుండా ఇవ్వనన్నాను. ఎండోటాక్సిన్ అంటే బ్యాక్టీరియా గోడ ముక్కలు. అవి నానోగ్రాముల్లో ఉన్నా మాక్రోఫేజ్‌లు రెచ్చిపోతాయి, ఆ ఘనత తిప్పతీగ ఖాతాలో పడుతుంది. ఎండోటాక్సిన్‌ని కొలిచే మామూలు లిమ్యులస్ పరీక్ష (1→3) బీటా గ్లూకాన్‌కి కూడా స్పందిస్తుంది కాబట్టి దాన్ని అడ్డుకునే బఫర్‌తో చేయాలి.

మిగిలిన పనులు: (ఆర్)-2-బ్యూటనాల్‌తో గలాక్టోజ్ డి రకమా, అరబినోజ్ ఎల్ రకమా (అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలు) తేల్చడం, కాంతి పరిక్షేపణతో అణుభారం, హైడ్రాక్సీప్రోలీన్ కొలత. గ్లూకురోనిక్ ఆమ్లం ఏ గలాక్టోజ్ మీద కూర్చుందో ఇంకా తేలలేదు. దానికి బలహీన ఆమ్లంలో అరబినోజ్ కొమ్మలు రాల్చి, మిగిలిన చిన్న ముక్కలను మాస్ స్పెక్ట్రమ్‌లో చూడాలి. 0.1 మోలార్ ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లంతో మొదటి బ్యాచ్ పెట్టాను. ఎన్‌ఎంఆర్ యంత్రం మీద మాకు సమయం జనవరిలో ఇచ్చారు.